ఎలక్ట్రానిక్ సిటీలో తాలీం వెతికినం

మన సోలాపూర్ పూర్వభాగంలో ఇప్పుడు ఏ ఇల్లు చూసినా ఒక పిల్లనో పిల్లగాడో పుణెలనో, హైదరాబాదులనో, బెంగళూరులనో చదువుకుంటున్నరు. తల్లిదండ్రులు ఫీజు కడుతరు, పీజీ రూము మాట్లాడుతరు, ఒక బ్యాగు నిండ శేంగా చట్నీ, చాదరు, టవళ్లు పెట్టి రైలు ఎక్కిస్తరు. అక్కడికి పోయినంక పిల్లల ఒంటి సంగతి ఎవరూ అడుగరు. "తిన్నవా బిడ్డా" అని అడుగుతం, అంతే. ఆ ఒంటి సంగతే ఈసారి రాస్తున్న.

పోయిన నవంబరులో నేను బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి పోయి తొమ్మిది రోజులున్న. నా బిడ్డ కూతురు అక్కడ హోసూరు రోడ్డు మీద ఒక కాలేజీలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నది. మన పేట పిల్లగాడే ఒకడు హెబ్బగోడిలో సంసారం పెట్టిండు, వాళ్లింట్ల దిగిన. ఊరు చూద్దామని పోయిన గాని ఆ తొమ్మిది రోజుల్లో తాతా మనుమరాలు కలిసి ఎక్కువ తిరిగింది జిమ్ముల చుట్టే.

ముందు దారి చెప్తా, పోయేవాళ్లకు పనికొస్తది. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం సోలాపూర్‌లో ఎక్కితే తెల్లారి బెంగళూరులో దిగుతం. రాయచూరు దాటినంక రాత్రిపూట ఆదోని, గుంతకల్లు, ధర్మవరం మీదుగా పోతది. పట్టుచీరెల ధర్మవరం బోర్డు తెలుగు అక్షరాల్లో కనబడితే నిద్రమబ్బులో కూడా పానం లేచొచ్చింది. అది నేసేవాళ్ల ఊరు గద.

బెంగళూరు స్టేషన్‌కు దగ్గర్లనే ఒకప్పుడు బిన్నీ మిల్లు ఉండె. 1884లో పెట్టిన పాత మిల్లు. ఇప్పుడు ఆ జాగలో ఎత్తు బంగ్లాలు, మాలు ఉన్నయి. మన సోలాపూర్ మిల్లుల గతి చూసినవాళ్లకు అది కొత్త ముచ్చట కాదు. అక్కడ ఎక్కువసేపు నిలబడకుండ మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో దిగి, పసుపు లైను పట్టుకున్న. ఈ లైను 2025 ఆగస్టు 10న మొదలైంది. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. ఎలక్ట్రానిక్ సిటీ పేరుతోనే ఒక స్టేషన్ ఉన్నది. ఇంతకుముందు సిల్క్ బోర్డు దగ్గర బస్సులో గంటలకు గంటలు కూర్చునేవాళ్లట.

ఆ దారిలో బొమ్మనహళ్లి స్టేషన్ వస్తది. ఆ పేరు మనం గుర్తుపెట్టుకోవాలె. ఆ చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు చాలా. పనిచేసేది ఎక్కువ ఆడవాళ్లే. పీఎఫ్ రూలు మార్చి, యజమాని కట్టిన వాటా 58 ఏండ్లు నిండేదాకా ముట్టుకోవద్దని కేంద్ర ప్రభుత్వం అంటే, 2016 ఏప్రిల్‌లో ఆ ఆడవాళ్లు వేలమంది పని ఆపి ఈ హోసూరు రోడ్డు మీదికే వచ్చిండ్రు. పెద్ద నాయకులెవరూ ముందల లేరు. ఏప్రిల్ 19న ప్రభుత్వం ఆ రూలు వెనక్కి తీసుకున్నది. మెట్రో కిటికీ నుంచి ఆ రోడ్డు చూపించి హెబ్బగోడి పిల్లగాడు ఈ సంగతి చెప్పిండు. ఈ ముచ్చట మళ్లీ అక్కరకొస్తది.

ఎలక్ట్రానిక్ సిటీ అంటే ఒక ఊరు కాదు. కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు అనే పల్లెల పొలాలు తీసుకొని 1970ల చివర కర్ణాటక ప్రభుత్వ కంపెనీ కియోనిక్స్ 332 ఎకరాల్లో కట్టుడు మొదలుపెట్టింది. ఆ ఆలోచన ఆర్.కె. బాళిగ అనే ఇంజనీరుది. 1994లో ఇన్ఫోసిస్ తన పెద్దాఫీసు ఇక్కడికి తెచ్చింది. ఆ వెనుక మిగతా కంపెనీలు. 2010లో సిల్క్ బోర్డు నుంచి ఇక్కడిదాకా పది కిలోమీటర్ల పైవంతెన వేసిండ్రు.

గోడలకు అటు దిక్కు ఒక లోకం, ఇటు దిక్కు ఒక లోకం. అటు దిక్కు పచ్చగడ్డి, అద్దాల మేడలు, ఉద్యోగస్తులకు లోపలనే జిమ్ము, ఈత కొలను. ఇటు దిక్కు నీలాద్రి రోడ్డు, దొడ్డతోగూరు గల్లీలు. మన చాళీల లెక్కనే గదికి ముగ్గురు నలుగురు ఉండే పీజీలు, బోర్డుల మీద ఆంధ్రా మెస్సు, ఆంధ్రా స్టైల్ భోజనం. తెలుగు ఎక్కడ పడితే అక్కడ వినబడుతది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు పిల్లలు, హోసూరు దిక్కు తెలుగువాళ్లు. ఆనేకల్ తాలూకాలో పాతకాలం నుంచే తెలుగు ఇండ్లు ఉన్నయట. నాకు కన్నడం రాకపోయినా ఇబ్బంది కాలే.

నా మనుమరాలు సోలాపూర్‌లో బడి టీములో ఖోఖో ఆడింది. ఉరుకుడులో దాన్ని పట్టుకునేవాళ్లు లేకుండిరి. ఇప్పుడు పొద్దున కాలేజీల బెంచి, సాయంత్రం పీజీల మంచం మీద ల్యాప్‌టాప్. నాలుగు నెలల్లో నడుము నొప్పి పట్టుకున్నది. "తాతా, మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తున్నది, నేనేనా అనిపిస్తది" అన్నది. డాక్టరమ్మకు చూపించుకుంటే గోలీలు ఎక్కువ రాయలేదు. ఎముకల్లో ఏం లేదు, నడుము పట్టు పోయింది, వారానికి నాలుగు రోజులు కసరత్తు చెయ్యి అన్నదట.

కాలేజీలో జిమ్ము ఉన్నది. హాస్టలు మగపిల్లలు సాయంత్రం దాన్ని నింపేస్తరు. బయట పీజీలో ఉండేవాళ్లకు వంతు రాదు. లేఅవుటు పార్కులో ఇనుప ఊయల లాంటి మిషన్లు ఉన్నయి, పైసలు అక్కరలేదు. పొద్దున ఒకరోజు పోయి చూసినం. చేతులు కాళ్లు ఆడించడానికి మంచిదే. నడుముకు పట్టు రావాలంటే బరువు ఎత్తాలె, ఎట్ల ఎత్తాలెనో చెప్పేవాళ్లు కావాలె. అవి అక్కడ లేవు. చీకటి పడితే ఆ పార్కులో దీపం కూడా సరిగ లేదు.

లెక్క చెప్తా. పీజీకి తిండితో కలిపి నెలకు 7,500. వాళ్ల నాయిన టవల్ కార్ఖానాలో వారం పగారు మీద పని. తల్లి, అంటే నా బిడ్డ, ఇంటికాడ బీడీలు చుడుతది. పిల్ల చేతికి నెలకు 2,000 పంపుతరు. అందులో మెట్రో, పుస్తకాలు, ఫోను, సబ్బు అన్నీ. జిమ్ముకు ఎంత తియ్యగలవు అంటే వేళ్ల మీద లెక్కపెట్టి "ఎనిమిది వందలు తాతా" అన్నది.

మొదలు చూసింది మెయిన్ రోడ్డు మీద రెండో అంతస్తు. ఏసీ, అద్దాలు, పాటలు. నెలకు 3,500, సంవత్సరానికైతే 18,000. "ఈ రోజే ఆఫర్, రేపు ఉండదు అంకుల్" అన్నడు పిల్లగాడు. నేర్పే మనిషి కావాలంటే ఇంకో 6,000 వేరే. మిషను వాడుకోవడానికి ఒక రేటు, అది ఎట్ల వాడాలెనో చెప్పడానికి దానికంటె పెద్ద రేటు! మా సాంచాఖాతాలో కొత్తవానికి సాంచా నేర్పినందుకు జాబరు పైసలు అడిగితే యూనియన్ ఊకుంటుండెనా?

రెండోది నీలాద్రి రోడ్డు పక్క నేలమాళిగ. నెలకు 1,800, మూడు నెలలకు 4,500, సంవత్సరానికి 9,000. చేరుడు ఫీజు ఇంకో 500. ఆడవాళ్లకు వేరే టైము లేదు. కిటికీ లేదు. లోపల చెమట వాసన, గాలి ఆడదు. పత్తి దుమ్ములో ముప్పై ఏండ్లు ఉన్నోన్ని నేను. సెలవు తెల్లారి డ్యూటీకి పోతే ఛాతీ బిగిసే జబ్బు మన మిల్లువాళ్లకు కొత్త కాదు. గాలి లేని తావులో ఊపిరి గట్టిగ పీల్చే పని చేయొద్దని నేను పిల్లకు అక్కడనే చెప్పిన. పైగా అక్కడ మూడు వేల రూపాయల ప్రోటీన్ పొడి డబ్బా కొనమని వెంటబడ్డరు.

9,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 750 పడుతది గద, మన లెక్కలకే వచ్చింది గద అని పిల్లకు ఆశ పుట్టింది. అప్పుడు దాని రూములో పిల్ల తన కథ చెప్పింది. ఆ పిల్ల ఇంకో జిమ్ములో సంవత్సరానికి 8,500 ఒక్కసారే కట్టింది. ఐదో నెలలో ఒక పొద్దున పోతే షట్టరు మూసి ఉన్నది. ఫోను స్విచ్ఛాఫ్. చేతిలో బిల్లు లేదు, వాట్సాప్ మెసేజ్ ఒక్కటే ఉన్నది. బ్యానరు ఇంకా వేలాడుతనే ఉన్నది, మేం కూడా చూసినం. ఆ పిల్లవాళ్ల నాయిన లారీ డ్రైవరు.

ఒక్క ముక్క ఇక్కడ చెప్తా. మనలాంటి ఇంటికి సంవత్సరం రేటు చవక కాదు. నెలనెలా పగారు వచ్చే ఇల్లు నెలనెలానే కట్టాలె. పరీక్షలకు ఒక నెల, పండుగకు ఒక నెల, ఎండకాలం సెలవులకు రెండు నెలలు పిల్ల ఉండనే ఉండదు. పన్నెండు నెలలు కట్టి ఎనిమిది నెలలు పోతే 750 కాస్త 1,125 అయితది. నచ్చకపోతే, నొప్పి పెరిగితే, షట్టరు పడితే, నెల ఫీజు కట్టినోళ్లకు పోయేది ఒక నెలదే.

ఆ రాత్రి నా బిడ్డ ఫోను చేసింది. "బాపూ, ఆడపిల్లకు కండలెందుకు? ఆ పైసలతో పాలు, పండ్లు తినుమను" అన్నది. నేను కోప్పడలే. "నీ నడుము ఎప్పుడు పోయింది బిడ్డా?" అని అడిగిన. కొంచెంసేపు మాట్లాడలే. పన్నెండేండ్ల వయసు నుంచి చాటంత ముందల పెట్టుకొని వంగి కూర్చుని బీడీలు చుట్టిన మనిషి ఆమె. నలభై నిండకముందే నడుముకు పట్టీ కట్టుకున్నది. "దానిది చాట కాదు, ల్యాప్‌టాప్. కూర్చునుడు ఒక్కటే" అన్న. "సరే, రాత్రిపూట మాత్రం పంపకు" అన్నది.

మూడో తావు ఆరో రోజు దొరికింది. దొడ్డతోగూరు పాత ఊరి గల్లీలో ఒక హార్డ్‌వేర్ దుకాణం మీది అంతస్తు. బోర్డు కూడా రంగు పోయింది. మెట్లు ఎక్కితే రెండు దిక్కుల కిటికీలు, రెండు ఫ్యాన్లు, నేల మీద రబ్బరు పరుపులు. మిషన్లు తక్కువ, ఇనుప బిళ్లలు ఎక్కువ. ఒక మూలకు కర్ర జోడీలు నిలబెట్టి ఉన్నయి. వాటిని చూసి నా కాళ్లు అక్కడనే ఆగినయి.

చిన్నప్పుడు మన పేటకొక తాలీం ఉండె. తలుపు తెరిస్తే మారుతి పటం, దాని ముందల ఎర్రమట్టి హౌదా. ఆ మట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి తవ్వి మెత్తగ చేస్తుండిరి. రాత్రి పాళీ దిగిన జవాన్లు ఇంటికి పోకముందు దండీలు, బైటకులు తీసి, జోడీ తిప్పి పోతుండిరి. వస్తాదుకు ఫీజు లేదు. మట్టికి, నూనెకు అందరూ చందా వేసుకుంటుండిరి. అందుకే అది అగ్గువ. ఎవడో పెట్టి మనకు అమ్మింది కాదు, మనమే పెట్టుకున్నది. కాని ఆ గడపలో ఆడపిల్ల అడుగుపెట్టంగ నేను ఒక్కనాడు చూడలే. తొంగిచూస్తే కూడా తరుముతుండిరి.

దుకాణం మీది ఆ జిమ్ము పెట్టినాయన యాభై ఏండ్లాయన. కన్నడం తెలుగు కలిపి మాట్లాడిండు. వాళ్ల తాత గరడి మనెలో కుస్తీ పట్టినవాడట. కన్నడంలో తాలీంను గరడి మనె అంటరు. గోడ మీద ఒక నలుపుతెలుపు ఫోటో చూపించి, ఈయన కె.వి. అయ్యర్ అని చెప్పిండు. కోలారు దిక్కు మనిషి. బెంగళూరులో వ్యాయామశాల నడిపి, దేశం నలుమూలలకు పోస్టులో కసరత్తు పాఠాలు పంపినాయన. ఆయననే 'శాంతల' అనే పెద్ద కన్నడ నవల కూడా రాసిండట. కండ ఉన్నవానికి అక్షరం రాదనుకునేవాళ్లు ఆ ఫోటో చూడాలె.

"విద్యార్థులకు నెలకు వెయ్యి, పెద్దాయనా. ఆడవాళ్ల టైము పొద్దున పది నుంచి పన్నెండు" అన్నడు. అటు రెండు వందలు ఎక్కువ, ఇటు పదింటికి పిల్ల క్లాసులో ఉంటది. సాయంత్రం అంతా మగపిల్లలే. పిల్ల మొహం చిన్నబోయింది. "పొద్దున ఆరింటికి ఎవరొస్తరు?" అని అడిగిన. "ఎవరూ రారు. మగవాళ్లు ఏడున్నరకు వస్తరు. ఒక్క పిల్ల కోసం షట్టరు తెరిస్తే నాకు కరెంటు ఖర్చు కూడా రాదు" అన్నడు. ఆయన మాట న్యాయమే.

మెట్లు దిగుతుంటే పిల్లకు చెప్పిన. ఆయన దగ్గర పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా ఇనుమంతా ఊరికే పడి ఉంటున్నది. మిల్లులో సాంచా ఊరికే నిలబడితే యజమానికి నష్టం. ఆ ఖాళీ పాళీని నింపుతమంటే ఆయన వింటడు. కాని నువ్వు ఒక్కదానివి పోయి అడిగితే అది బతిమాలుడు. ఐదుగురు పోయి అడిగితే అది బేరం. బొమ్మనహళ్లి ఆడవాళ్ల ముచ్చట అప్పుడు మళ్లీ చెప్పిన.

రాత్రి పిల్ల పీజీలో ప్రతి గది తలుపు కొట్టింది. ఒకరు అనంతపురం, ఒకరు నాందేడ్, ఒకరు ఒడిశా, ఇంకొకరు ఆ 8,500 పోగొట్టుకున్న పిల్ల. దీనితో ఐదుగురు. నలుగురివీ మనలాంటి ఇండ్లే. ఒకరికి నడుము, ఒకరికి మెడ, ఒకరు లావైతున్నానని బాధ, ఒకరు పోలీసు పరీక్షకు ఉరకాలె. ఎనిమిదో రోజు సాయంత్రం ఐదుగురూ మెట్లు ఎక్కిండ్రు. నేను కింద దుకాణంలో కూర్చున్న. ముసలోడు ముందల ఉంటే పిల్లలు మాట్లాడరు.

అరగంటకు దిగొచ్చిండ్రు. కుదిరింది ఇది: పొద్దున ఆరు నుంచి ఏడుంబావు దాకా ఆడపిల్లలకే. మనిషికి నెలకు 700. చేరుడు ఫీజు లేదు. నెల మొదట కట్టుడు, చేతికి రసీదు. ఆ టైములో ఆయన భార్య కూడా వచ్చి కూర్చుంటది. ఐదుగురికంటె తక్కువైతే మళ్లీ మాట్లాడుకుందురు. ఆయనకు ఖాళీ గంటకు 3,500 వచ్చింది, పిల్లలకు ఎనిమిది వందల లోపల పడ్డది. ప్రోటీన్ పొడి అడిగితే నవ్వి, "రెండు గుడ్లు, పిడికెడు పల్లీలు, రాగిముద్ద" అన్నడట. మా శేంగా చట్నీ డబ్బాకు అక్కడ విలువ పెరిగింది.

తొమ్మిదో రోజు పొద్దున చీకట్లనే పోయి చూసిన. పీజీ నుంచి పన్నెండు నిమిషాల నడక, దారిలో పాల బూతు, టీ బండి తెరిచే ఉంటయి. ఐదుగురు కలిసి పోయి కలిసి వస్తరు. మొదటిరోజు వాళ్లతో బరువు ఎత్తించలేదు. ఉత్త కర్ర ఇచ్చి, నడుము వంచకుండ ఎట్ల వంగాలె, ఎట్ల లేవాలె అదే గంటసేపు చెప్పిండు. బరువు మోసే పనిచేసినోనికి ఆ పాఠం విలువ తెలుస్తది. మిల్లులో బీములు ఎత్తేటప్పుడు మాకు ఎవరన్నా ఆ గంట చెప్పి ఉంటే ఎన్ని నడుములు మిగిలేవో.

పిల్లలను బయటి ఊరు పంపేవాళ్లకు నాలుగు మాటలు. జిమ్ము కాలినడక దూరంలో ఉండాలె. ఆటోకు పెట్టేది కూడా ఫీజే. పోయే టైముకు, వచ్చే టైముకు ఆ గల్లీ ఎట్ల ఉంటదో ఒకసారి నడిచి చూడాలె. కిటికీ, ఆడవాళ్ల మరుగుదొడ్డి చూడాలె. నెల ఫీజే మాట్లాడాలె, రసీదు తీసుకోవాలె. రసీదు ఉంటే మోసం జరిగినప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి చెప్పుకోవచ్చు. పెద్ద జిమ్ముల్లో బిల్లు మీద జీఎస్టీ వేస్తరు. అది 2025 సెప్టెంబరు 22 నుంచి 18 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత లెక్క వేస్తే అడగండి. నడుము, గుండె, ఊపిరి బాధలుంటే ముందు డాక్టరుకు చూపించండి.

ఇంకొక మాట మన పెద్దలకు. మన పేటల్లో ఇంకా కొన్ని తాలీం గదులు ఉన్నయి. కొన్ని తాళం పడి ఉన్నయి, కొన్నిట్ల గణపతి పండుగ సామాను పెట్టుకున్నరు. బీడీలు చుట్టే మన ఆడవాళ్లకు, చదువుకునే మన ఆడపిల్లలకు పొద్దున ఒక గంట ఆ తలుపు తెరిస్తే ఏం పోతది? పరుపులు నాలుగు, కర్రలు పది, ఒక నేర్పే మనిషి చాలు. ఇంటికి ఇరవై రూపాయల చందా వేసినా నడుస్తది. ఈ నెల పంచ్ కమిటీ మీటింగుకు నేను ఈ మాట తీసుకొని పోతున్న. ఒక్కనిగ పోతే బతిమాలుడు అయితది. మీరు కూడా రండి.